టీవీకి పట్టిన గ్రహణం: ఫ్రీ డిష్‌తో నాలుగు నెలలు నా అనుభవం

మా ఇల్లు తిరుపతిలో జీవకోన పక్క, కొండ కిందే. మాకందరికీ ఫోన్లున్నాయి కాబట్టి టీవీ అంటే ఇంట్లో మా నాయన సొత్తు. ఆర్టీసీలో చేసి రిటైరైనాడు, 78 ఏళ్ళు. పొద్దన్నే రేడియో, మధ్యాహ్నం నుంచి డీడీ సప్తగిరి, మ్యాచ్ ఉంటే డీడీ స్పోర్ట్స్. నెలనెలా డబ్బు కట్టే డిష్ పీకించేసి ఫ్రీ డిష్ పెట్టించింది కూడా ఆయనే, "చూసేది రెండు చానళ్ళు, దానికి నెలకి మూడొందలు ఎందుకురా" అని. అది నిజమే, డీడీ ఫ్రీ డిష్‌కి నెల చందా లేదు, ఒకసారి డిష్షూ బాక్సూ కొనుక్కుంటే అంతే. కాకపోతే ఏమైనా అయితే అరుపులన్నీ నా మీదే.

పోయిన నవంబర్లో నాలుగు రోజులు వదలకుండా వాన కొట్టింది, మన పక్క నవంబర్ వానలు ఎట్లుంటాయో తెలుసు కదా. టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోవడం, మాట తెగిపోవడం, చివరికి నల్ల తెర మీద "నో సిగ్నల్". వానకి పోవడం మామూలే, ఎందుకంటే డిష్‌కొచ్చే సిగ్నల్ కేయూ బ్యాండ్, దాని తరంగం పొడవు రెండున్నర మూడు సెంటీమీటర్లే, గట్టి వాన చినుకులు దాన్ని మింగేస్తాయి. వాన తగ్గితే అదే వస్తుందిలే అని గమ్మున ఉన్నాం. అయిదో రోజు ఎండ కాసింది, బట్టలు ఆరినాయి, టీవీ మాత్రం రాలేదు.

ఒక మెకానిక్ పిల్లోడిని పిలిపించినా. వచ్చి, రిమోట్ తీసుకొని రెండు సార్లు ఆఫ్ ఆన్ చేసి, "అన్నా, బాక్స్ పోయింది, కొత్తది 1400 అవుతుంది, పైగా మీకు కొండ అడ్డం వస్తా ఉంది, డిష్ పైకి ఎత్తాల, పైపుకి ఇంకో 600" అన్నాడు. మిద్దె మీదికి కూడా ఎక్కలేదు. నాకు రెండో మాట దగ్గరే అనుమానం వచ్చింది, కొండ మాకు ఉత్తరం పక్క ఉంటే డిష్ మూతి దక్షిణం పక్కకి తిరిగి ఉంది కదా, వెనకాల ఉన్న కొండ ఎట్లా అడ్డం వస్తుంది? "చూసి చెప్తాలే నాయనా" అని పంపించేసినా. నాయన నా వైపు చూసిన చూపుంది చూడండి, ఆ 2000 నేనే మిగిల్చుకున్నట్టు.

అక్కడ మొదలైంది. నాకు ఎలక్ట్రానిక్స్ చదువేమీ లేదు, బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తాను. యూట్యూబ్ చూసి, చేసి, చెడగొట్టి నేర్చుకున్నదే అంతా.

మొదట అడాప్టర్ మీద అనుమానపడినా. బాక్స్‌కి కరెంటు సరిగ్గా అందకపోయినా ఇట్లాంటి వేషాలేస్తుందని ఎక్కడో విని, గాంధీ రోడ్డు పక్క ఒక చిన్న షాపులో 120 రూపాయలకి 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి పెట్టినా. ఏమీ మారలేదు. పాతది డ్రాలో పడేసి కొత్తది అట్నే వదిలేసినా, ఇది గుర్తు పెట్టుకోండి, దీని కథ తర్వాత వస్తుంది.

తర్వాత బాక్స్ సంగతి. కొత్తది కొనే ముందు ఉన్నది చచ్చిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది, దాన్ని చంకలో పెట్టుకొని ఫ్రీ డిష్ ఉన్న ఇంకో ఇంటికి పోవడం. మా పెదనాయన వాళ్ళింట్లో, కొర్లగుంటలో ఉంది. వాళ్ళ వైరు పీకి మా బాక్స్‌కి తగిలిస్తే అన్ని చానళ్ళూ చక్కగా వచ్చినాయి. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. 1400 మిగిలింది.

అంటే తప్పు మిద్దె మీదో, మిద్దెకీ టీవీకీ మధ్యనో ఉంది. బాక్స్ మెనూలో రెండు గీతలుంటాయి, స్ట్రెంత్ అని ఒకటి, క్వాలిటీ అని ఒకటి. మాకు స్ట్రెంత్ 78 చూపిస్తా ఉంది, క్వాలిటీ మాత్రం 0, అప్పుడప్పుడు 12. ఆ 78 చూసి సిగ్నల్ బాగానే ఉంది, ఇంకేదో తప్పు అని నేను ఒక పూట వేస్ట్ చేసినా. తర్వాత తెలిసింది, డిష్ గోడ వైపు చూస్తా ఉన్నా స్ట్రెంత్ చూపిస్తుందంట, ఎందుకంటే ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందర సిగ్నల్ పట్టుకునే చిన్న డబ్బా, అది చేసే సొంత గోల కూడా అందులో లెక్కే. గంగమ్మ జాతరలో నిలబడి పక్కనోడి మాట వినడం లాంటిది, చప్పుడు ఎంతుంది అనేది స్ట్రెంత్, వాడేం చెప్తున్నాడో అర్థమవుతుందా అనేది క్వాలిటీ. చూడాల్సింది రెండోదే. మొదటి గీత ఎందుకు పెట్టినారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మోసం చేయడానికి తప్ప.

పాత రోజుల్లో ఏంటెన్నా ఉన్నప్పుడు ఇంత తిప్పలు లేవు, సిగ్నల్ తగ్గితే చుక్కలు చుక్కలుగా అయినా మనిషి కనపడేవాడు, ఎంత తగ్గిందో కంటికి తెలిసేది. డిజిటల్ అట్లా కాదు, ఒక హద్దు దాకా అద్దంలా వస్తుంది, ఆ హద్దు దాటి కొంచెం తగ్గిందంటే ఒక్కసారిగా ఏమీ ఉండదు. కాబట్టి ఏళ్ళ తరబడి లోపల్లోపల చెడిపోతా ఉన్నా మనకి తెలియదు, వాన వచ్చిన రోజు బయటపడుతుంది. వాన మీద తప్పేస్తాం.

ఆదివారం పొద్దన్నే మిద్దెక్కినా. ముందు కింద బాక్స్ ప్లగ్ పీకేసినా, ఎందుకంటే అదే వైరులో పైన ఎల్ఎన్‌బీకి 13 వోల్టులో 18 వోల్టులో కరెంటు పోతా ఉంటుంది, షాక్ కొట్టేంత కాదు గానీ పొరపాటున తీగలు తగిలితే బాక్స్ పోర్టు కాలిపోవచ్చు. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది, మన మే నెల ఎండలకి దాని జిగురు కరిగి జారిపోయి, చివర విడిపోయి గాలికి ఊగుతా ఉంది. కనెక్టర్ విప్పితే లోపల రాగి తీగ రాగి రంగులో లేదు, గుళ్ళో పాత గంటకి పట్టినట్టు పచ్చగా చిలుము. వైరు ఒక అడుగు కోసి చూసినా, తోలు కింద మధ్య తీగ చుట్టూ ఉండే సన్నటి అల్లిక తీగలు గోధుమ రంగు. ఇంకో అడుగు కోసినా, అదే రంగు. ఇంకా కోస్తా పోతే లాభం లేదని కిందికొచ్చి టీవీ వెనకాల చివర చూస్తే, నమ్మరు, బాక్స్‌కి తగిలించే కనెక్టర్ లోపల ఒక నీటి బొట్టు! మిద్దె మీద ఎక్కిన నీళ్ళు అరవై అడుగుల వైరు లోపల్లోపలే దిగి హాల్లోకి వచ్చినాయి. ఆ అల్లిక తీగ దీపం ఒత్తి నూనె లాక్కున్నట్టు లాక్కుంటుంది మరి. ఇంకో వారం వదిలేసుంటే ఆ బొట్టు బాక్స్‌లోకి పోయేది, అప్పుడు ఆ పిల్లోడు చెప్పింది నిజమయ్యేది.

20 మీటర్ల ఆర్‌జీ6 అనే డిష్ వైరు, దాని కొనలకి బిగించే ఎఫ్ కనెక్టర్లు నాలుగు తెచ్చినా. కనెక్టర్ వేయడం చూడ్డానికి సులువు, నాకు రెండు పాడైనాయి. పైన తోలు ఒకటిన్నర సెంటీమీటర్ తీయాల, అల్లిక తీగల్ని వెనక్కి మడవాల, లోపలి తెల్ల ప్లాస్టిక్ కోసి మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండేట్టు కనెక్టర్ తిప్పి బిగించాల. ఆ అల్లికలో వెంట్రుకంత తీగ ఒక్కటి మధ్య తీగకి తగిలినా అయిపోయింది. నా మొదటి కనెక్టర్‌కి బాక్స్ "ఎల్ఎన్‌బీ షార్ట్" అని చూపించింది, భూతద్దం పెట్టి చూస్తే అదే. ఇంకోటి, డిష్ దగ్గర వైరుని నేరుగా కనెక్టర్‌లోకి తీసుకురాకుండా కిందికి ఒక వంపు వదిలి పైకి తేవాల, వాన నీళ్ళు ఆ వంపు అడుగున కారిపోతాయి, కనెక్టర్‌లోకి ఎక్కవు. పాత వైరుకి ఆ వంపు లేదు. ఈసారి కనెక్టర్ మీద మామూలు టేపు కాకుండా దాని మీద అదే అతుక్కుపోయే రబ్బర్ టేపు సాగదీసి చుట్టినా, ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఇస్తారు.

అంతా చేసి కిందికొచ్చి ఆన్ చేస్తే క్వాలిటీ 0.

నాయన ఏమీ అనలేదు, రేడియో ఆన్ చేసుకున్నాడు, అది ఇంకా ఘోరం.

మళ్ళీ మిద్దెక్కి ఈసారి డిష్‌నే చూసినా. రెండడుగుల డిష్, దాని కింద చేయి మాదిరి కడ్డీ, కడ్డీ చివర ఎల్ఎన్‌బీ. ఆ కడ్డీ రొంత పక్కకి వంగి ఉంది, డిష్ అంచు మీద గీతలు, పైపుకి బిగించిన క్లాంపు తిరిగిన గుర్తు. ఇంగ ఎవరిని అడగాల? మా వీధిలో అందరికీ తెలిసిన దొంగలే, కోతులు. కొండ మీద నుంచి దిగి వాటర్ ట్యాంక్ మూత తీసి తాగి, టెంకాయ చెట్టు నుంచి మా డిష్ మీదికి దూకి, అక్కడి నుంచి పిట్టగోడ మీదికి. మా అమ్మ అయితే "ఆంజనేయస్వామి రా, ఏమనాకు" అంటుంది. సరే స్వామీ అనుకొని కడ్డీ నిదానంగా సరిచేసి డిష్ తిప్పే పని మొదలుపెట్టినా.

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 అనే శాటిలైట్ నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పీఎస్‌ఎల్వీ వదిలినప్పుడల్లా ఇదే మిద్దె ఎక్కి శ్రీహరికోట పక్క చూస్తా ఉంటాం గదా, ఇది మాత్రం అక్కడి నుంచి పోలేదు, 2015 నవంబర్లో ఫ్రెంచ్ గయానాలో కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మీద పోయింది. తిరుపతి నుంచి లెక్కేస్తే దిక్కు ఉత్తరం నుంచి 133 డిగ్రీలు, ఎత్తు 67 డిగ్రీలు. 133 అంటే నాయనకి అర్థం కాలేదు, "ఆగ్నేయం నాయనా, వంటింటి మూల" అంటే టక్కున వేలు పెట్టి చూపించినాడు, సరిగ్గా అదే దిక్కు. ఫోన్ కంపాస్ కంటే ఆయనే నయం, ఎందుకంటే ఇనప పైపు దగ్గర పెడితే కంపాస్ తిక్క తిక్కగా తిరుగుతా ఉంది, అయిదారడుగులు దూరం జరిగి చూసుకోవాల్సి వచ్చింది.

67 డిగ్రీలంటే మనకు శాటిలైట్ దాదాపు నెత్తి మీద ఉన్నట్టే. డిష్‌ని చూస్తే మాత్రం అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, ఎందుకంటే ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, ఎల్ఎన్‌బీ నడిమధ్యన కాకుండా కింద ఉంటుంది కాబట్టి డిష్ చూసే చోటు దాని ముఖం కంటే ఇరవై పైచిలుకు డిగ్రీలు పైన ఉంటుంది. నాకు ఇది తెలియక మొదట ఆకాశానికి పళ్ళెం పట్టినట్టు పెట్టినా. గంట పోయింది.

పాప కింద టీవీ ముందు ఫోన్ పట్టుకొని వాట్సాప్ వీడియో కాల్‌లో ఆ గీతలు చూపిస్తా ఉంటే పైన నేను 13 నంబర్ స్పానర్‌తో. ఇక్కడ ఒక కిటుకు ఉంది. డిష్ జరిపిన వెంటనే గీత కదలదు, బాక్స్ సిగ్నల్ పట్టుకోవడానికి రెండు మూడు సెకన్లు, వీడియో కాల్ ఆలస్యం ఒక సెకను. నేను గబగబా తిప్పుతా ఉంటే సిగ్నల్ దాటి పోయిన తర్వాత "నాన్నా వచ్చింది... పోయింది" అంటా ఉంది. రెండడుగుల డిష్‌కి ఒక డిగ్రీ అంటే అంచు దగ్గర అర సెంటీమీటరే, అటూ ఇటూ రెండు మూడు డిగ్రీల్లోనే వేరే శాటిలైట్లు వరసగా ఉంటాయి. కాబట్టి పైపు మీద పెన్సిల్‌తో గీత గీసుకొని, గోరంత జరిపి, మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పుడు అడగాల. అట్లా చేస్తే 31, 44, 58... ఎత్తు రొంత దించితే 66, ఎల్ఎన్‌బీని దాని పట్టులోనే రొంత తిప్పితే 73. అక్కడ ఆపేసినా. బిగించేటప్పుడు నట్టు ఒక్కటే గట్టిగా తిప్పితే మళ్ళీ జరుగుతుంది, అటొక చుట్టు ఇటొక చుట్టు.

ఆటో స్కాన్ పెడితే సప్తగిరి వచ్చింది. రిమోట్‌లో రేడియో బటన్ నొక్కితే ఆకాశవాణి చానళ్ళు కూడా, ఇన్నాళ్ళూ అవి ఉన్నాయనే మాకు తెలియదు. నాయన వింటాడేమో అనుకున్నా, "టీవీలో రేడియో ఏందిరా" అన్నాడు.

అయిపోయింది అనుకుంటే రేడియో గొడవ మొదలైంది. ఆయనకి తిరుపతి ఎఫ్ఎం 103.2తో పాటు మీడియం వేవ్‌లో కడప 900 కావాల, చిన్నప్పటి అలవాటు. కొద్ది రోజులుగా కడప పెడితే బర్రుమని మోత, తేనెటీగల తుట్టె కదిలించినట్టు. ఎఫ్ఎంలో ఏమీ లేదు. "నువ్వు ఆ వైర్లు మార్చినాకే" అన్నాడు. వైరుకీ దీనికీ సంబంధం ఏముంది అని నేను వాదించినా, రెండు రోజులు.

చివరికి ఏం చేసినానంటే, రేడియోని బ్యాటరీల మీద పెట్టి, చేతిలో పట్టుకొని మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా. మోత ఆగింది, కడప స్పష్టంగా వచ్చింది. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆన్ చేసి గదికో ఎంసీబీ ఆఫ్ చేస్తా పోతే హాల్ ఎంసీబీ దగ్గర ఆగింది. హాల్లో ఒక్కో స్విచ్ చూసినా, ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ ఆపితే కొంచెం తగ్గింది, కానీ టీవీ పక్క ప్లగ్ పీకగానే మాయం. ఆ ప్లగ్ ఏందనుకుంటున్నారు, నేను తెచ్చిన 120 రూపాయల అడాప్టర్. లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేసి 12 వోల్టులు చేస్తుంది, ఆ గోల బయటికి పోకుండా ఆపే భాగాలు ధర తగ్గించడానికి ఎగ్గొట్టేస్తారు, మీడియం వేవ్‌కి అది తగులుతుంది, ఎఫ్ఎం పద్ధతి వేరు కాబట్టి అంతగా పట్టించుకోదు. డ్రాలోంచి పాత అడాప్టర్ తీసి పెట్టినా, మోత పోయింది. నాయన మాటే నిజమైంది, ఒప్పుకోక తప్పలేదు. ట్యూబ్‌లైట్‌కి మాత్రం రేడియోని అడ్డంగా తిప్పి పెట్టుకుంటాడు, మీడియం వేవ్ ఏరియల్ లోపల అడ్డంగా ఉండే కడ్డీ, ఒక దిక్కు నుంచి వచ్చేది బాగా పట్టి దాని కొనల వైపు నుంచి వచ్చేది వదిలేస్తుంది.

జనవరి, ఫిబ్రవరి బాగానే గడిచినాయి, ఒక్కటి తప్ప. గాలి తోలినప్పుడు బొమ్మ ఒక సెకను బిగుసుకుపోతుంది. నట్లు చూసినా, గట్టిగానే ఉన్నాయి. కనెక్టర్లు చూసినా. వదిలేసినా.

మార్చి రెండో వారంలో ఒకరోజు 11 గంటల తర్వాత ఉన్నట్టుండి "నో సిగ్నల్". ఆకాశంలో మబ్బు ముక్క లేదు. నేను స్పానర్ తీసుకొని మిద్దెక్కేలోపు వచ్చేసింది. మరుసటి రోజు మళ్ళీ, 11:15 ఆ ప్రాంతంలో, ఇంకాస్త ఎక్కువసేపు. మూడో రోజు ముందే మిద్దెక్కి కూర్చున్నా. డిష్ వైపు చూస్తే ఎల్ఎన్‌బీ మూతి మీద మసక వెలుగు మచ్చ ఒకటి పడి ఉంది, డిష్ మీద పడిన ఎండ అంతా అక్కడికే చేరతా ఉంది. అప్పుడు తట్టింది, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనకాలికి వచ్చినాడు! సూర్యుడి గోల ముందు పాపం ఆ శాటిలైట్ మాట ఏం వినపడుతుంది. ఏడాదికి రెండు సార్లు, మార్చిలో ఒకసారి, సెప్టెంబర్ చివర ఒకసారి, కొన్ని రోజుల పాటు రోజుకి కొన్ని నిమిషాలు ఇట్లా అవుతుంది, రిపేరు ఏమీ ఉండదు, డిష్ ముట్టుకోకూడదు అంతే. మొదటి రోజు నేను ఇంకో నిమిషం ముందు ఎక్కి ఉంటే చక్కగా ఉన్నదాన్ని తిప్పి చెడగొట్టేవాణ్ణి.

కానీ ఆ రోజు నేను అసలు చూసింది వేరే. సూర్యుడు శాటిలైట్ ఉన్న చోటే ఉన్నాడంటే, ఆ నిమిషంలో డిష్ మీద దేని నీడ పడితే అదే సిగ్నల్‌కి అడ్డం అన్నమాట. పడింది. పక్కింటి టెంకాయ చెట్టు మట్ట నీడ, డిష్ పై అంచు మీద, గాలికి అటూ ఇటూ ఊగుతా, ఊగినప్పుడల్లా నాలుగు వేళ్ళ వెడల్పు లోపలికి వస్తా పోతా. గాలి తోలినప్పుడు బొమ్మ బిగుసుకుపోయేది దీనికే.

పక్కింటి అక్కని అడిగినా, "ఆ ఒక్క మట్ట కొట్టిస్తావా అక్కా, కూలి నేనిస్తా" అని. "కాపు మీద ఉంది తమ్ముడూ, ఇప్పుడొద్దు" అంది. సరే, శాటిలైట్ నెత్తి మీద ఉండటం ఇక్కడ పనికొచ్చింది. 67 డిగ్రీల ఎత్తుకి, మన డిష్ కంటే పదడుగులు పైనున్న మట్ట కూడా నాలుగైదు అడుగుల లోపల ఉంటేనే అడ్డం. పైపు ఊడదీసి పిట్టగోడ వెంబడి ఆరడుగులు పడమరకి జరిపినా, మళ్ళీ పాప, మళ్ళీ వీడియో కాల్, ఈసారి ముప్పావు గంటలో 76. చెట్టు దూరమైంది కాబట్టి కోతులకి దూకే స్టేషన్ కూడా పోయింది, ఇప్పుడు అవి నేరుగా పిట్టగోడ మీదికే దూకతా ఉన్నాయి.

నాయనకి ఈ సూర్యుడి సంగతి చెప్తే చాలాసేపు ఆలోచించి "అంటే టీవీకి గ్రహణం" అన్నాడు. గోడ మీద క్యాలెండర్ తీసి సెప్టెంబర్ పేజీ తిప్పి, 26 నుంచి అక్టోబర్ 2 దాకా పెన్నుతో గీత గీసి, పక్కన వంకర అక్షరాలతో రాసినాడు: "పొద్దున 11 గం. టీవీ గ్రహణం. అబ్బోణ్ణి మిద్దె ఎక్కనీయొద్దు."